గట్టిమేళం తర్వాత కాంభోజి

నా మెడలో తాళి పడుతున్న క్షణంలో నాకు కోపం వచ్చింది. పెళ్లికొడుకు మీద కాదు, పాపం ఆయనేం చేశాడు. కోపమంతా పురోహితుడి మీద. ఆయన చూపుడువేలు గాల్లో ఆడిస్తూ "గట్టిమేళం, గట్టిమేళం" అని అరిచాడు. ఆ వేలు ఇంకాస్త ఆలస్యంగా లేచి ఉంటే నాకు ఇన్నేళ్ల వెతుకులాట తప్పేది.

తాళి కట్టేటప్పుడు ఎవరైనా తుమ్మినా, ఏడ్చినా, నోరుజారి కానిమాట అన్నా వధూవరుల చెవిన పడకూడదని మేళం వాళ్లు ఒక్కసారిగా హోరెత్తిస్తారు. అప్పటిదాకా ఏ రాగం వాయిస్తున్నా, అందులో ఎక్కడున్నా, అక్కడే వదిలేయాలి. పురోహితుడి వేలు లేచిందంటే విద్వాంసుడైనా సరే తలవంచాల్సిందే. అశుభం వినపడకూడదని చేసే ఆ చప్పుడులో నాకు దక్కాల్సిన ఒక శుభం కొట్టుకుపోయింది.

ఈ సంగీతం పిచ్చి నాకు ఇంట్లోవాళ్ల నుంచి వచ్చింది కాదు. సత్యవేడు దగ్గర మా పల్లె. నాయనది వరి, వేరుశనగ వేసే సేద్యం. మన స్టేషన్ల కంటే సరిహద్దు అవతలి మద్రాసు రేడియోనే మాకు బాగా పలికేది. సాయంత్రం అమ్మ పొయ్యి దగ్గర కూర్చుంటే నేను రేడియో దగ్గర కూర్చునేదాన్ని. అందులో అమ్మాయి అరవంలో రాగం పేరు చెప్పేది, నేను దాన్ని తెలుగులోకి మార్చుకుని గుర్తుపెట్టుకునేదాన్ని. నాయన పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ కాసేపు వినేవాడు. కచేరీలో ఆలాపన నడుస్తుంటే ఎప్పుడూ ఒకే ప్రశ్న.

"ఇంకా సరిచేసుకుంటా ఉండాడా?"

ఆలాపన అంటే పాట మొదలుపెట్టేముందు గొంతు సవరించుకోవడమని ఆయన నమ్మకం. రాగం అదే నాయనా అని నేను చెబితే, "సరేలే, మొదలుపెట్టినప్పుడు పిలువు" అని అరుగు మీదికి పోయేవాడు. పిలిచేటప్పటికి నిద్రపోయి ఉండేవాడు. ఆయన్ని సంగీతంలోకి లాక్కురావాలని చిన్నప్పుడు కొన్నాళ్లు ప్రయత్నించి, ఇక ఇది మనవల్ల కాదని వదిలేశాను.

నా పెళ్లి తిరుపతిలో ఒక కల్యాణమండపంలో జరిగింది. మేళాన్ని మా మేనమామ కుదిర్చాడు. చిత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన నాదస్వర విద్వాంసుడు, సన్నగా, పొడుగ్గా, చెవులకు ఎర్రరాళ్ల కమ్మలతో వేదిక పక్కన చాప మీద కూర్చున్నాడు. జీలకర్ర బెల్లం అయిపోయింది. తాళిబొట్టు పళ్లెంలో పెట్టి, పెద్దలందరూ తాకి దీవించడానికి హాలంతా తిప్పుతున్నారు. ఆ ఖాళీ సమయంలో ఆయన కాంభోజి ఎత్తుకున్నాడు.

మొదట ఎవరికోసమో అన్నట్టు మెల్లగా ఊదాడు. నేను తలవంచుకుని కూర్చున్నాను గనుక ఆయన కనపడలేదు, వినపడ్డాడు. రెండు మూడు పలుకులు కాగానే నా వీపు నిటారయింది. కాంభోజి నాకు కొత్త కాదు, రేడియోలో ఎన్నిసార్లు విన్నానో. కానీ ఆ రాగం ఇంత పెద్దదని నాకు తెలియదు. ఇంటి వెనక రోజూ చూసే కొండను మొదటిసారి ఎక్కినట్టుంది. పళ్లెం తొందరగా రాకూడదని, దీవించే పెద్దలు ఇంకా ఉండాలని కోరుకున్నాను. మాకు బంధువులు ఎక్కువైనందుకు జీవితంలో నేను సంతోషించింది ఆ ఒక్కసారే.

ఆయన ఎక్కుతూ పోయాడు. పై షడ్జమం దగ్గర కాసేపు నిలబడి, అదీ దాటి, పై గాంధారం మీదికి పోయి అక్కడ నిలిచాడు. డోలు ఆయన కూడా వాయించడం మానేసి ఆయన వైపే చూస్తున్నాడని తర్వాత వీడియోలో చూశాను. ఇంత ఎత్తు నుంచి ఎలా దిగుతాడు? ఏ దారిన వస్తాడు? ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తున్నాను. అప్పుడు లేచింది పురోహితుడి వేలు.

తర్వాతదంతా అందరి పెళ్లిళ్లలో లాగే. తలంబ్రాలు, నవ్వులు, ఫొటోలు. హోమం ముగిశాక మమ్మల్నిద్దరినీ అరుంధతీ నక్షత్రం చూపించడానికి బయటికి తీసుకెళ్లారు. ఎండలో, వీధిలో పోతున్న ఇంకో పెళ్లివారి బ్యాండు హోరులో నిలబడి ఆకాశంలోకి చూసి, కనపడిందా అంటే కనపడింది అన్నాం. ఎవరెవరో నవ్వించారు, కొంగుముళ్లు సరిచేశారు, మళ్లీ ఫొటోలు తీశారు. లోపలికి వచ్చేసరికి చాప ఖాళీగా ఉంది. మేళం వాళ్లు భోజనాలకు పోయారన్నారు.

మీరు అడగొచ్చు, కాంభోజిని పై నుంచి కిందికి దింపిన విద్వాంసులు ఎంతమంది లేరు? ఉన్నారు, విన్నాను. కానీ ఆలాపన అంటే అప్పటికప్పుడు పుట్టేది. ఆయనే మర్నాడు వాయించినా అది వేరే కాంభోజి. ఆ రోజు అంత ఎత్తుకు పోయిన మనిషి ఆ రోజు ఎలా దిగి ఉండేవాడన్నది ఎవరూ చెప్పలేరు. అయినా ఆయన్ని మళ్లీ ఒక్కసారి ఎదురుగా కూర్చుని వింటే, ఆ దారి కొంతైనా ఊహకు అందుతుందని నా ఆశ.

మా ఆయన లాడ్జిలో మేనేజరు. ఏ ఊరివాళ్లు ఎంత రాగం తీసినా గది ఇచ్చి పంపడమే ఆయనకు తెలిసిన సంగీతం. "తాళి కట్టింది నేను, నువ్వేమో మేళమాయన్నే తలుచుకుంటా ఉండావు" అని ఇప్పటికీ ఆటపట్టిస్తాడు. అయినా ఎక్కడ ఆ విద్వాంసుడి కచేరీ ఉందని తెలిసినా మొదట నాకు ఫోను చేసి చెప్పేది ఆయనే.

మొదటి కచేరీ చిత్తూరులో, ఒక గుడి ఉత్సవంలో. నాకు నెలలు నిండి ఉన్నాయి. పోదామనుకున్న రోజు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి మంచం మీద పళ్లు బిగబట్టుకుని కూడా, ఈపాటికి మొదలుపెట్టి ఉంటాడనుకున్నాను. నర్సు విని, ఎవరమ్మా మొదలుపెట్టేది అని అడిగింది. మా వాడు పుట్టాక చాలా గట్టిగా ఏడ్చాడు. పై గాంధారం అందుకున్నాడే అన్నాడు మా ఆయన. అదొక్క స్వరం పేరు ఆయనకు నా వల్ల వచ్చింది.

రెండోది తప్పిపోయిన తీరు చెబితే మా వైపువాళ్లు మాత్రమే నమ్ముతారు. సరిహద్దు దగ్గరి ఒక ఊరి గుడిలో కృష్ణుడి పుట్టినరోజున ఆయన వాయిస్తున్నాడని తెలిసింది. ఆసుపత్రిలో నాది రక్తపరీక్షల విభాగంలో ఉద్యోగం. పొద్దున్నుంచి మనుషుల చేతులు పట్టుకుని నరం వెతకడమే పని. సెలవు పెట్టి, పట్టుచీర కట్టుకుని, రెండు బస్సులు మారి పోయాను. గుడి ముందు పందిరి లేదు, తోరణం లేదు. ఒక ముసలాయన గడప కడుగుతున్నాడు.

"కచేరీ యాడ సామీ?" అన్నాను.

ఆయన నా చీర కేసి చూసి జాలిపడ్డాడు. "నువ్వు మన కేలండరు సూసి వచ్చినట్టుండావే. ఈడ అరవోళ్ల లెక్క తల్లీ. మాకు అష్టమి కాదు, రోహిణి రావల్ల. ఈ తూరి అధికమాసం గూడా వచ్చె గదా, ఇంకా నెల పడతాది."

ఒకే దేవుడు పక్కపక్క ఊళ్లలో నెల తేడాతో పుడతాడని తెలిసే పెరిగినదాన్ని. మా పల్లెలోనే రెండు లెక్కలవాళ్లూ ఉండేవారు. చిన్నప్పుడు రెండుసార్లూ సీడలు, మురుకులు తిన్నాను కూడా. తినేటప్పుడు గుర్తున్న లెక్క వినడానికి వచ్చేటప్పుడు గుర్తు లేదు. ఆయన పెట్టిన కొబ్బరిముక్క తింటూ గుడి మెట్ల మీద కూర్చుని నవ్వుకున్నాను, కాస్త ఏడుపు కూడా వచ్చింది. నెల తర్వాత అసలు రోజు వచ్చింది. ఆ వారమంతా తిరుపతిలో విషజ్వరాలు, మా విభాగంలో ఒక్కరికీ సెలవు లేదు.

తప్పిపోయినవే చెప్పుకుంటూ పోతే విన్నవాటికి అన్యాయం చేసినదాన్నవుతాను. తిరుపతిలో ఉండి సంగీతానికి మొహం వాచిందంటే ఎవరూ నమ్మరు. కొండ మీద మంచులో వణుకుతూ విన్నాను. తెల్లవారి రైలెక్కి మద్రాసు సభలకు పోయి, మధ్యాహ్నం ఉచిత కచేరీల్లో, పేరు తెలియని పిల్లల దగ్గర, ముందు వరసలో కూర్చుని విన్నాను. ఒకసారి ఊరేగింపు వస్తుంటే నేనెక్కిన ఆటో వీధి మలుపులో ఆగిపోయింది. నాదస్వరం వాళ్లు మూల మీద నిలబడి తోడి వాయిస్తున్నారు. ఆటో అతను ఇంజను ఆపేశాడు. వెనక బండి వాడు హారన్ కొట్టబోయి చెయ్యి తీసేశాడు. పూలమ్మే ఆమె మూర కొలుస్తూ అలాగే ఉండిపోయింది. అంతమంది మనుషులు నిత్యం అరుచుకునే ఆ వీధి అంత నిశ్శబ్దంగా ఉండగలదని నేను కలలో కూడా అనుకోలేదు. ఊరేగింపు సాగిపోయాక ఆటో అతను, "ఏందో మేడం, ఇంటికి పోబుద్ధి కాలా" అన్నాడు. నాక్కూడా అంతే.

ఇంత విన్నా, ప్రతిసారీ ఇంటికి వచ్చే దారిలో నా మనసు ఆ చాప దగ్గరికే పోయేది.

ఆఖరికి ఆయనే తిరుపతి వచ్చాడు. ఈసారి నొప్పులు లేవు, పంచాంగాలు లేవు, జ్వరాలు లేవు. గంట ముందే పోయి ముందు వరసలో కూర్చున్నాను. ఆయన వేదికెక్కాడు. అవే ఎర్రరాళ్ల కమ్మలు, బాగా నెరిసిన తల. కానీ నాదస్వరం ఆయన పక్కనున్న శిష్యుడి చేతిలో ఉంది. ఆయన తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. పళ్లన్నీ తీసేశారట. నాదస్వరానికి ఊపిరి ఎంత ముఖ్యమో పళ్లూ పెదవీ అంత ముఖ్యం. శిష్యుడు చక్కగానే వాయించాడు. నేను మాత్రం గురువు చేతివేళ్లనే చూస్తూ కూర్చున్నాను. శిష్యుడు వాయిస్తుంటే ఆయన వేళ్లు చేతిలో లేని నాదస్వరం మీద తెరుచుకుంటూ, మూసుకుంటూ ఉన్నాయి.

కచేరీ అయ్యాక వెళ్లి దండం పెట్టాను. నా పెళ్లికి మీరే వాయించారన్నాను.

"మంచిది తల్లీ. పిల్లలు బాగుండారా?" అన్నాడు నవ్వి. ఎన్ని వందల పెళ్లిళ్లకు వాయించాడో, నా పెళ్లి ఆయనకెందుకు గుర్తుంటుంది. అడగాలనుకున్నది అడగకుండానే వచ్చేశాను. మరుసటేడు ఆయన పోయాడని మా ఆయనే ఫోను చేసి చెప్పాడు. ఈసారి ఆటపట్టించలేదు. నేను ఆ పూట పని ఎలా చేశానో నాకే తెలియదు. ఇక అది తేలని లెక్క అనుకుని, దాన్ని మనసులో ఒక మూలన పెట్టేశాను.

మొన్న ఎండాకాలంలో నాయన కంటి ఆపరేషనుకు అమ్మను వెంటబెట్టుకుని తిరుపతి వచ్చాడు. శుక్లాలు తీశాక కొన్నాళ్లు నల్లద్దాలు తీయొద్దన్నారు, టీవీ వద్దన్నారు. మా హాల్లో కుర్చీలో కూర్చుని, చేసేందుకేం లేక, ఇంట్లో వచ్చే ప్రతి చప్పుడూ వింటూ ఉండేవాడు. కుక్కర్ విజిళ్లు లెక్కపెట్టి అమ్మకంటే ముందు చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం నా ఫోనుకు ఎవరో ఒక రికార్డింగు పంపారు. ఆ విద్వాంసుడు ఏదో గుడిలో వాయించింది, జనం గోలలో అరకొరగా దొరికిన ముక్క. పెట్టుకుని వింటున్నాను. నాయన అడిగేది నాకు తెలుసు గనుక జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఆయన అది అడగలేదు. "ఈయప్ప నీ పెండ్లికి వాయించినాయప్ప గదా" అన్నాడు.

నేను ఫోను ఆపేశాను. "నీకెట్లా తెలుసు నాయనా?"

"తెలీకుండా ఏముండాది. ఆ పొద్దు ఒక్కణ్ణే కూచోని విన్నా గదా."

"ఎప్పుడు?"

"మీరంతా నచ్చత్రం సూసేదానికి బయటికి పోతిరి. జనమంతా బంతికి పోయిరి. మీయమ్మ వియ్యపురాలి ఎనకాల తిరగతా ఉండె. నాకు పొద్దున్నించీ ఉపాసం, లేసేదానికి ఓపిక ల్యాక ఆడే కుర్చీలో కూలబడినాను. ఆయప్ప మేళం కట్టేస్తాడనుకున్నా. కట్టేయలా. నా పక్క ఒకసారి సూసినాడు. మళ్లా ఎత్తుకున్నాడు. పంతులు అరిసినప్పుడు యాడ ఇడిసిపెట్టినాడో, సరిగ్గా ఆడికే పోయి నిలబడినాడు."

గోడకు ఆనుకున్నాను. గట్టిమేళంతో రాగం అయిపోయిందనే ఇన్నేళ్లూ అనుకున్నాను. నేనే కాదు, ఆ మండపంలో అందరూ అనుకున్నారు, అందుకే భోజనాలకు లేచారు. ఆయన మాత్రం మొదలుపెట్టింది వదిలిపెట్టలేదు. పూర్తిచేశాడు. నేను గోడకు అవతల, పట్టపగలు, లేని నక్షత్రం కనపడిందని చెబుతున్నాను.

"ఎట్లా దిగినాడు నాయనా?" అని అడిగాను.

"పాడేదానికి నాకు యాడొస్తాది పాపా."

"పాడొద్దు. ఎట్లయినా చెప్పు."

నాయన కుర్చీలో ముందుకు జరిగాడు. తర్వాత కుడిచెయ్యి పైకెత్తాడు, తలకంటే పైకి, అందినంత పైకి. "ఈడుండాడు" అన్నాడు. చెయ్యి అక్కడే సన్నగా వణుకుతూ నిలబడింది. తర్వాత కొంచెం దిగింది. దిగినట్టే దిగి, ఏదో మరిచిపోయి వెనక్కి పోయినట్టు మళ్లీ పైకి పోయి, వెంటనే తిరిగి వచ్చింది. మొహానికి ఎదురుగా వచ్చి ఆగింది. "ఈడ శానాసేపు ఉండాడు." ఆగిందన్నమాటే గానీ వేళ్లు ఊరుకోలేదు. అక్కణ్ణుంచి రొమ్ము దాకా మెట్టు మెట్టుగా, తొందర లేకుండా, దిగుడుబావిలోకి పోయే మనిషి లాగా దిగింది. ప్రతి మెట్టు మీదా నిలబడింది. చివరికి మోకాలి మీద వాలింది. "ఈడికొచ్చి నిలిపినాడు."

రోజూ ఎన్నో చేతులు పట్టుకుని చూస్తాను. ఇలాంటి చెయ్యి చూడలేదు. పంచమం మీద నిలవడం నాకు కనపడింది. మధ్యమం మీదుగా గాంధారానికి జారడం కనపడింది. నేలను తాకినట్టు షడ్జమం మీద ఆగడం కనపడింది. స్వరాల పేర్లు ఒక్కటీ తెలియని మనిషి, ఏదీ పోగొట్టకుండా అంతా చేతిలో దాచుకున్నాడు. నా కళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"ఆ తర్వాత?" అన్నాను.

"తర్వాతేముండాది. సప్పట్లు కొడదామంటే ఒక్కణ్ణే ఉండా, నామోషీగా ఉండె. లేసి దండం పెట్టినాను. ఆయప్ప గూడా పెట్టినాడు." నాయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నిన్ను ఇచ్చేసినాం గదా, ఇంక ఇంటికి పోతే ఎట్లుంటాదో అని కూచోనుంటి. రొమ్ములో రాయి పెట్టినట్టుండె. ఆయప్ప దిగతా ఉంటే అదీ దిగతా వచ్చె. కిందికొచ్చి నిలిపేకొద్దికి సరేలే అనిపించె. అప్పుడే నువ్వొచ్చి, అన్నం తింటివా నాయనా అంటివి."

"ఇన్నేళ్లూ నాకు చెప్పలేదే?"

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "నువ్వు విన్నావనే అనుకుంటి. ఇంట్లో పాటలు తెలిసినదానివి నువ్వు గదా."

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. నాయన లెక్కపెట్టలేదు. నేను గోడ దగ్గర నుంచి వచ్చి, ఆయన కుర్చీకి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను, సభల్లో కూర్చున్నట్టే.

"ఇంకొక్కసారి చూపించు నాయనా."

ఆయన నల్లద్దాలు సర్దుకుని, చేతిని ఒడిలో పెట్టుకుని, వేళ్లు ముడిచి విప్పాడు.

"ఉండు పాపా" అన్నాడు. "ముందు సరిచేసుకోనీ."